దుప్పి కొమ్ముకు పసుపు

"ఇంట్ల తుపాకి మందు కొమ్ము పెట్టుకుంటరా ఎవలన్న? అది పేలితే మన బతుకేంగాను?"

నేనీ మాట అనేటప్పటికి ఆ కొమ్ము ఇంకా మా ఇంటికి రానేలేదు. కింది అంతస్తులో ఉండే ఓటర్‌బాఖ్ గారు దాన్ని రేపు తన చేతికి ఇస్తానన్నారని మా శ్రావ్య గుమ్మంలో బూట్లు విప్పుతూ చెప్పింది, అంతే. ఏదైనా జరగకముందే దాని కోసం ఏడ్చి పెట్టుకోవడం నాకు అలవాటు. తీరా జరిగాక ఏడవడానికి తీరిక దొరకదేమోనని అదింకో భయం.

"మమ్మీ, అది నాలుగు వందల ఏళ్ళ నాటిది. లోపల ఏం లేదు. లేర్. ఖాళీ."

"నాలుగు వందల ఏండ్లంటే ఇంక ఘోరం. పచ్చడి సుత ఊరినకొద్ది ఘాటెక్కుతది."

"పచ్చడి పేలదు బాలా" అన్నారు మా ఆయన రవీంద్రనాథ్, లాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండా.

"మీకేం దెలుసు? మా పెద్దమ్మ ఇంట్ల నిమ్మకాయ పచ్చడి జాడీ పేలలేదా?"

"అది పేలలేదు. పిల్లి తన్నింది."

మేం హైడెల్‌బర్గ్ వచ్చి తొమ్మిదేళ్ళు దాటింది. మా ఆయనది కంప్యూటర్ ఉద్యోగం. నాది భయపడే ఉద్యోగం, సెలవులు లేవు. వచ్చిన కొత్తలో పెరుగు డబ్బా మూత తప్పు చెత్తబుట్టలో వేస్తే వీసా తీసేస్తారని భయపడ్డాను. ఇప్పుడు పిల్లకు ఇక్కడి చదువు, మాకు ఇక్కడి కార్డులు అన్నీ ఉన్నాయి. అయినా ఆ మూతను చేతిలో పట్టుకుని ఇప్పటికీ కాసేపు ఆలోచిస్తాను. నేను ఇంటర్ లెక్కల పరీక్ష దగ్గర ఆగిపోయినదాన్ని. చదువు తక్కువైతే భయం తక్కువుంటుందని మా ఊళ్ళో అనేవారు. అన్నవాళ్ళు నన్ను చూడలేదు.

మావాళ్ళ పిల్లలందరూ కంప్యూటర్లో, మెషీన్లో చదువుతుంటే మా శ్రావ్య కళా చరిత్ర తీసుకుంది. బతుకమ్మ ఆడేచోట ఎవరో అడిగితే ఏం చెప్పాలో తోచక "మ్యూజియం ఇంజినీరింగ్" అన్నాను. మరుసటి ఏడు ఒకావిడ తన కొడుక్కి కూడా అందులో సీటు కావాలని ఫోన్ చేసింది. అప్పటి నుంచి "ఏదో చదువుతుంది" అని ఊరుకుంటున్నాను.

పోనీ ఆ కళా చరిత్రలోనైనా దేవుళ్ళో, రాణులో దొరకలేదా దానికి? దొరికింది తుపాకులు. తుపాకులైనా సరే అనుకోవచ్చు, తుపాకులు కూడా కాదు. వెనకటి సిపాయి ఒంటికి తుపాకితో పాటు వేలాడే సామాను. మందు పోసుకునే కొమ్ములు, గుండ్ల సంచులు, నిప్పంటించే తాళ్ళు. ఆ సామానును ఆ కాలపు చిత్రకారులు తమ బొమ్మల్లో ఎట్లా గీశారన్నది దాని థీసిస్. పెళ్ళికి పోయి పెళ్ళికొడుకును చూడకుండా చెప్పులు చూసొచ్చినట్టు ఉందని నేనంటే, "ఆ చెప్పులే చూడాలి మమ్మీ. మొహం అందరూ చూస్తారు" అంది.

ఓటర్‌బాఖ్ గారు అటవీ శాఖలో చేసి రిటైరైన మనిషి. మాట తక్కువ, మోకాలి నొప్పి ఎక్కువ. వాళ్ళ నాన్న నుంచి వచ్చిన ఆ మందు కొమ్మును బీరువాలోంచి బయటికి తీయరు. ఎప్పుడో ఒకసారి ఊరి పండగలో వేషం కట్టడానికని వాళ్ళ కజిన్ అడిగితే ఇచ్చారట. ఆ మహానుభావుడు దానికున్న స్ప్రింగు మీట విరగ్గొట్టి, గుడ్డలో గట్టిగా చుట్టి, నోరెత్తకుండా దాని చోట దాన్ని పెట్టి వెళ్ళాడు. ఈయన మరుసటి చలికాలంలో విప్పి చూస్తే సంగతి తెలిసింది. ఆ తర్వాత దాన్ని ఎవరికీ ఇవ్వలేదు. శ్రావ్య ఈ వేసవంతా ఆయన కుక్కను నెక్కార్ నది ఒడ్డున తిప్పింది. పొట్టి కాళ్ళ కుక్క, పేరు వాల్డి. అది నడిచేది తక్కువ, కూర్చునేది ఎక్కువ. దాని పక్కన కూర్చుని కూర్చుని మా పిల్ల చివరికి ఆయన చేత సరే అనిపించుకుంది.

వచ్చే మంగళవారం మ్యూజియంలో టెర్మిన్, అంటే ముందే అడిగి రాయించుకున్న టైము. వాళ్ళ దగ్గరున్న ఒక పాత ప్రింటును, అదే కాగితం మీద అచ్చేసిన బొమ్మను, బయటికి తీసి బల్ల మీద పెడతారట. దాని పక్కన ఈ కొమ్మును పెట్టి కొలవాలి, ఫోటోలు తీయాలి. ఆ టెర్మిన్ కోసం మా పిల్ల వసంతకాలంలో అడిగితే ఇప్పటికి దొరికింది. థీసిస్ ఇవ్వాల్సింది ఈ నెలాఖరుకే. కొమ్ము లేకపోతే ప్రింటు ఒట్టి కాగితం, థీసిస్‌కు సాక్ష్యం లేదు.

కొమ్ము వచ్చింది. షూ డబ్బాలో, తెల్లని నార గుడ్డలో. నేను వంటింటి గుమ్మం అవతల నిలబడి చూశాను. పేలితే గోడ నాకు అడ్డముంటుంది కదా అని. ఇంతా చేసి నా మొగుడూ బిడ్డా గోడకు ఇవతలే ఉన్నారన్న సంగతి తర్వాత గుర్తొచ్చింది.

దుప్పి కొమ్ము. మన అరచేయి కంటే కొంచెం పెద్దది. పైన కాడలాగా, కింద రెండు కాళ్ళలాగా చీలి ఉంది. కాళ్ళ చివర ఇనుప మూతలు, కాడ చివర సన్నని గొట్టం. వెనకవైపు చెట్టు బెరడులా గరుగ్గా వదిలేశారు. ముందువైపు మాత్రం నున్నగా చెక్కి, దాని మీద సూదితో గీసినట్టు ఒక సిపాయి బొమ్మ వేశారు.

"ఇదిగో చూడు, ఈ గొట్టం మూతి మీద వేలు పెట్టి తలకిందులు చెయ్యాలి. మీట ఇప్పుడు విరిగింది కానీ, అప్పట్లో దాన్ని నొక్కి వదిలితే లోపలి దారి మూసుకునేది. ఒక్క దెబ్బకు సరిపడే మందు గొట్టంలో ఆగేది. అదే కొలత" అని శ్రావ్య చేసి చూపించింది.

"తలకిందులు చెయ్యకు!"

"మమ్మీ!"

అప్పుడు లాప్‌టాప్‌లో ఆ ప్రింటు ఫోటో చూపించింది. ఈకల టోపీ, మెలి తిప్పిన మీసం, ఛాతీకి అడ్డంగా చెక్క బుడ్డీల పట్టీ, ఒక చేతిలో తుపాకిని ఆనించే పంగల కర్ర, రెండో చేతిలో రెండు కొసలా నిప్పు రాజుకున్న తాడు. నడుముకు కుడివైపు మందు కొమ్ము. దాని కుచ్చులు కూడా పెళ్ళికూతురి జడకుచ్చుల్లా అందంగా ఉన్నాయి.

"చేతిల నిప్పు, నడుముకు తుపాకి మందు! వీని తల్లి ఏం జేస్తున్నది?"

"ఆమె బొమ్మలో లేదు మమ్మీ."

"ఎట్లుంటది? ఉంటే పంపునా?"

మా ఆయన ఇప్పుడు తల ఎత్తి నవ్వారు. శ్రావ్య మాత్రం నవ్వకుండా, నాకు అర్థమయ్యేదాకా వదలనని పక్కన కూర్చోబెట్టుకుంది. ఆ ప్రింటులో సిపాయీ ఈ కొమ్ము మీద సిపాయీ ఒక్కడేనట. అదే ఈక, అదే మీసం, అవే కాళ్ళు. కాకపోతే వీడు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉన్నాడు. అక్కడ కుడివైపున్న మందు కొమ్ము ఇక్కడ ఎడమవైపుంది. చెక్కినవాడు కాగితాన్ని బోర్లించి అద్దుకుని, ఆ గీతల వెంట చెక్కాడని దాని నమ్మకం. మినపగింజంత ఉన్న ఆ బుల్లి కొమ్ము మూతి ఎటు తిరిగింది, దాని తాడు ఎన్ని మెలికలు పడింది, అన్నీ కొలిచి చూస్తే తేలిపోతుందట.

మందు కొమ్ము మీద సిపాయి, ఆ సిపాయి నడుముకు మళ్ళీ మందు కొమ్ము. ఒకటి చాలదన్నట్టు రెండు. ఆ రాత్రి నుంచి షూ డబ్బాను అన్నిటికంటే చల్లగా ఉండే శ్రావ్య గదిలో, కిటికీ పక్క బీరువాలో పెట్టించాను. పొయ్యి వెలిగించినప్పుడల్లా ఆ గది తలుపు వేసొచ్చేదాన్ని. మాది కరెంటు పొయ్యి. మంట రాదు. అయినా వేసొచ్చేదాన్ని.

ఇంతలో దసరా వచ్చింది. ఇక్కడ దసరాకు సెలవు లేదు. మరునాడు దేశం ఏకమైన రోజని వాళ్ళ సెలవు ఉంది కానీ, మన పండగ రోజు మాత్రం అందరూ పనికి పోయారు. మా ఆయన ఆఫీసుకు బయలుదేరేలోపే కారుకు బొట్లు పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాను. లాప్‌టాప్‌కు మూత మీద మాత్రమే పెట్టమని ఆయన షరతు. శ్రావ్య లైబ్రరీకి పోతే దాని సైకిలుకు పెట్టాను. ఇద్దరూ పోయాక మిక్సీకి, రైస్ కుక్కర్‌కు, కుట్టు మిషనుకు, ఉల్లిగడ్డలు కోసే కత్తికి పెట్టాను. దండం పెట్టుకుని లేవబోతుంటే మనసులో ఏదో గుచ్చుకుంది.

ఆయుధ పూజ కదా. కుక్కర్ ఆయుధమా? మిక్సీ ఆయుధమా? ఇన్నేళ్ళ జర్మనీ కాపురంలో మొదటిసారి ఇంట్లో నిజంగా ఆయుధమనదగ్గ వస్తువు ఒకటి ఉంది. ఉల్లిగడ్డల కత్తికి బొట్టు పెట్టి, యుద్ధం చూసొచ్చిన కొమ్మును చీకటి బీరువాలో వదిలేస్తే దానికి రోషం రాదా? ఊరికే ఉన్నదాన్ని అలిగించి పేల్చుకోవడం ఎందుకు?

నా బుర్ర ఇట్లాగే పనిచేస్తుంది. భయపడే మనిషి ఊరికే కూర్చుంటే ప్రపంచానికి నష్టం లేదు. భయం పోగొట్టుకోవడానికి లేచి ఏదో ఒకటి చేస్తేనే కొంప మునుగుతుంది.

ఓవెన్‌లోంచి గిన్నెలు దించే మందపాటి గ్లౌజులు తొడుక్కుని డబ్బా తెచ్చాను. గుడ్డ విప్పాను. ముందుగా మంత్రం చదివినట్టు నాలుగు చుక్కల నీళ్ళు చల్లాను. భక్తి కొంత, లోపల మందేమైనా మిగిలుంటే తడిసి చస్తుందన్న తెలివి కొంత. గ్లౌజులతో బొట్టు పెట్టడం కుదరక ఒకటి విప్పాను. బొట్టు ఎక్కడ పెట్టాలి? సిపాయి నుదుటి మీద ఒకటి. ఛాతీ మీద ఒకటి. ఇక అసలు ఆయుధం వాడి నడుముకున్నదే కదా అని ఆ మినపగింజ మీద పెద్దది ఒకటి. తడి పసుపు, పైన హన్మకొండ నుంచి మా చెల్లె మంగ పంపిన కుంకుమ. అగరుబత్తి మాత్రం వెలిగించలేదు. తుపాకి మందు దగ్గర నిప్పేమిటని. నా జాగ్రత్తను నేనే మెచ్చుకున్నాను.

పప్పు పొయ్యి మీద పెట్టి, భక్ష్యాలు చేసి, గంట తర్వాత తుడవడానికి వచ్చాను. పొద్దున ఆయన వెళ్ళేముందు లాప్‌టాప్ మీది పసుపు ఒక్క తుడుపుకు పోయింది. అదే ధైర్యం. తడి టిష్యూతో సిపాయి నుదురు తుడిచాను. బొట్టు పోయింది. నుదురు మాత్రం పసుపుపచ్చగా ఉండిపోయింది. ఇంకొంచెం రుద్దాను. పసుపు ఆ సన్నని గీతల వెంట పాకి మొహమంతా అయింది, తర్వాత మీసం, తర్వాత ఛాతీ. చూస్తుండగానే సిపాయికి పచ్చకామెర్లు వచ్చాయి. నడుము దగ్గరైతే కుంకుమా పసుపూ కలిసి ఆ బుల్లి కొమ్ము ఎక్కడుందో కూడా కనిపించలేదు.

మంగకు ఫోన్ చేశాను.

"కొమ్ము మీద పసుపు వడితే ఎట్ల వోతదే?"

"ఏం కొమ్మక్కా? పసుపు కొమ్మా?"

"దుప్పి కొమ్మే. నాలుగు వందల ఏండ్లది."

"బావ మంచిగున్నడా అక్కా?" అంది నెమ్మదిగా. నాకు మతి పోయిందనుకుంది కాబోలు. అంతా చెప్పాక, "పసుపు ఎండకే పోతదక్కా. చీర మీదిదైనా, దేని మీదిదైనా. సబ్బు వెట్టకు, ఎర్రగయితది. నిమ్మకాయ సుత రుద్దకు. బాల్కనీల ఎండకు వెట్టు."

"ఇక్కడ ఎండేదే?"

"ఎండ లేని దేశం ఎందుకు వోయినవే మరి?"

నిమ్మచెక్క అప్పటికే నా చేతిలో ఉంది. దాన్ని పక్కన పెట్టిన పుణ్యం మంగదే. బయట చూస్తే నది మీంచి లేచిన మంచు ఎదుటి కొండను కూడా మింగేసింది. అయినా కొమ్మును బాల్కనీలో పెట్టాను. పెట్టగానే కాకి ఎత్తుకుపోతుందేమోనని భయం. లోపలికి తెచ్చి టేబుల్ లైటు కింద పెట్టాను. పెట్టగానే ఆ వేడికి పేలుతుందేమోనని భయం. లైటు ఆర్పేసి, దాని ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాను. దాన్నేం చేయకుండా నేను కూర్చున్నది ఆ రోజు మొత్తం మీద అప్పుడే.

శ్రావ్య వచ్చేసరికి అదే భంగిమలో ఉన్నాను. భక్ష్యాల వాసనకు నవ్వుతూ వచ్చిన పిల్ల బల్ల మీద చూసి ఆగిపోయింది. సంచీ భుజం మీంచి జారింది.

"మమ్మీ. వాస్ హాస్ట్ డు గెమాఖ్ట్?"

ఏం చేశావని. అది భయపడ్డప్పుడు తెలుగు మరిచిపోతుంది. నేను భయపడ్డప్పుడు జర్మన్ మరిచిపోతాను. మా ఇద్దరి మధ్య ఆ నిమిషంలో భాషే లేకపోయింది.

"ఆయుధ పూజ జేసిన బిడ్డా."

"దీనికా?"

"కుక్కర్‌కు సుత జేసిన" అన్నాను, అదేదో సమాధానమైనట్టు.

అరుస్తుందనుకున్నాను. అరవలేదు. ముఖం కడుక్కుని వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఫోన్‌తో అన్ని వైపులా ఫోటోలు తీసింది, పాత ఫోటోల పక్కన పెట్టి చూసింది. "నున్నగా ఉన్నచోట పట్టలేదు. గీతల్లోకి దిగింది. ఇంక నువ్వు ముట్టుకోకు. నీళ్ళు వద్దు, ఏదీ వద్దు. మ్యూజియంలో పాత వస్తువులు బాగుచేసే రిస్టోరర్‌ను అడగాలి. రేపు సెలవు, తర్వాత వీకెండ్. సోమవారం దాకా అక్కడ ఎవరూ ఉండరు."

"మంగళవారం మరి?"

"ఓటర్‌బాఖ్ గారు తీసుకెళ్ళనిస్తే కదా మంగళవారం?"

అప్పటిదాకా నా బుర్రలో పోలీసులు వచ్చారు, మా ఆయన ఇక్కడ ఉద్యోగం చేసుకునే పర్మిట్, ఆ బ్లూ కార్డు, పోయింది, ఆయుధ చట్టం కింద నా ఫోటో పేపర్లో పడింది. ఆ ఫోటోలో నా జుట్టు ఎట్లా ఉందో కూడా చూసుకున్నాను. కానీ ఇంత చిన్న సంగతి తోచలేదు. ఆయన కొమ్మును వెనక్కి తీసుకుంటారు. నా బిడ్డ ఒక వేసవంతా ఆ పొట్టి కుక్క పక్కన కూర్చున్నది ఉత్తదైపోతుంది.

సాయంత్రం మా ఆయన వచ్చి అంతా విని, సోఫాలో కూలబడి, ఆఫీసులో సమస్య వచ్చినప్పుడు మాట్లాడే గొంతుతో అన్నారు. "మంగళవారం దాక ఏమనకుండ ఉందాం. ఫోటోలు అయినంక చెప్దాం. అంతల ఎండ రావచ్చు."

ఆ నిమిషాన ఆయన నాకు ఎంత ముద్దొచ్చారో చెప్పలేను. అదే మాట మధ్యాహ్నం నుంచి నా గొంతులో ఉంది.

"చెప్పకుండా తీసుకెళ్తే ఆ కజిన్‌కీ నాకూ ఏం తేడా డాడీ?" అంది శ్రావ్య.

ఇద్దరం తలలు దించుకున్నాం. నేనే లేచాను. "నేను జెప్త. జేసింది నేను. నువ్వు పక్కకు నిలవడు."

"నీ జర్మన్‌తోనా?" అన్నారు మా ఆయన.

"వస్తది నాకు!"

వస్తుందంటే ఎంత వస్తుంది? టెర్మిన్ అడగడం వచ్చు, రొట్టె ముక్కలుగా కోసివ్వమనడం వచ్చు. తప్పు లేకుండా గడగడా వచ్చే వాక్యం ఒక్కటే. 'ఇది పాడయింది, మార్చి ఇవ్వండి.' ఈ సందర్భానికి అది పనికిరాదు.

ఓటర్‌బాఖ్ గారి ఇంట్లో ఉడికిన ఆలుగడ్డల వాసన. వాల్డి వచ్చి నా వేళ్ళు నాకింది, పసుపు రుచి చూసి తుమ్మింది. ఆయన మమ్మల్ని వంటింటి బల్ల దగ్గర కూర్చోమన్నారు. కూర్చోకముందే నేను దారిలో బట్టీపట్టిన మాటలు కక్కేశాను. "నేను చేశాను. కూతురు కాదు. నేను. చాలా సారీ." మర్యాదగా పెట్టాల్సిన మాటలేవీ అందులో లేవని శ్రావ్య మొహం చూస్తే తెలిసింది.

ఆయన గుడ్డ విప్పారు. అద్దాలు పెట్టుకున్నారు. కొమ్మును దీపం కిందికి వంచారు. విరిగిన మీటను బొటనవేలితో ఒకసారి తడిమి, తర్వాత సిపాయి మొహం మీదికి వచ్చారు.

"ఇదేమిటి?"

"కుర్కుమా" అన్నాను. పసుపును ఇక్కడ అట్లాగే అంటారు.

"పాలలో వేసుకుంటున్నారే ఇప్పుడు, అదా?"

"అదే, అదే. ఒంటికి మంచిది" అన్నాను. శ్రావ్య బల్ల కింద నా కాలు తొక్కింది.

ఇక దాచేదేముంది? వచ్చిన జర్మన్ అంతా పోగేశాను. మాది పండగ. ఏడాదికి ఒకరోజు. అన్ని సామాన్లకూ దండం. కారుకు, మిక్సీకి, సైకిలుకు, కత్తికి. మనల్ని పోషించేవి కదా. మీదానికి పెట్టకపోతే కోపం వస్తుందని పెట్టాను. ఇక్కడ నా మాటలు అయిపోయాయి. మిగతాది చేతులతో చెప్పాను. పేలుడు ఎట్లా ఉంటుందో రెండు చేతులూ పైకెత్తి చూపించాను. వాల్డి బల్ల కిందికి దూరింది.

ఓటర్‌బాఖ్ గారు శ్రావ్య వైపు తిరిగి ఏదో అడిగారు. శ్రావ్య ఎర్రబడింది.

"ఏమంటున్నడే?"

"పార్కింగ్‌లో ప్రతి ఏడు నలిగిన నిమ్మకాయలు కనిపిస్తాయి, అవి మీవేనా అని అడుగుతున్నారు."

"మాయే అని చెప్పు. రేపు కడుగుత అని చెప్పు."

అది చెప్పింది. ఆయన మొహంలో నవ్వు రాలేదు, కోపమూ రాలేదు. అడవిలో ఏళ్ళ తరబడి చెట్ల మధ్య తిరిగిన మనిషి మొహం అది. ఏమనుకుంటున్నారో చెట్టుకెంత తెలుసో నాకూ అంతే. కొమ్మును బల్ల మీద ఆనించి, శ్రావ్య చూపించిన పాత ఫోటోనూ దాన్నీ మార్చి మార్చి చూశారు. ఆ బుల్లి కొమ్ము దగ్గర చాలాసేపు ఆగారు. శ్రావ్య రిస్టోరర్ సంగతి చెప్పింది. ఖర్చు మాదేనని చెప్పమన్నాను, అదీ చెప్పింది. పసుపు సంగతి దాచకుండా థీసిస్‌లో కింద చిన్న అక్షరాల్లో రాస్తానంది. నా పేరు కూడా రాస్తావా అని అడగబోయి నోరు మూసుకున్నాను.

అప్పుడు అది అసలు ప్రశ్న అడిగింది. చేతులు ఒడిలో పెట్టుకుని, చిన్నపిల్లలా. "మంగళవారం దీన్ని మ్యూజియంకు తీసుకెళ్ళవచ్చా?"

ఆయన అద్దాలు తీసి తుడిచారు. మళ్ళీ పెట్టుకున్నారు. లేచి, కుంటుకుంటూ పోయి ఆలుగడ్డల గిన్నె పొయ్యి మీంచి దించారు. నీళ్ళు వంచారు. ఆవిరి కిటికీ నిండా పట్టింది. మాకు వీపు పెట్టి అట్లాగే నిలబడ్డారు. పొమ్మన్నట్టా, ఉండమన్నట్టా? నేను శ్రావ్య వైపు చూశాను. అది కొమ్ము వైపు చూస్తోంది. ఇన్నాళ్ళూ నేను భయపడ్డవన్నీ నాకోసమే భయపడ్డానేమో, అడ్డంగా గోడలు చూసుకున్నది నాకోసమేనేమో. ఇప్పుడు మాత్రం పోలీసులు రానీ, కార్డు పోనీ, పేపర్లో ఫోటో పడనీ అనిపించింది. ఈ ముసలాయన ఒక్క సరే అంటే చాలు. మొక్కుకుందామంటే ఏ దేవుడికి మొక్కాలో తోచలేదు. మొక్కితేనే కదా ఇంతా అయింది.

నేను లేచి నిలబడ్డాను. శ్రావ్య కూడా లేచింది. గుడ్డ అక్కడే బల్ల మీద ఉంది, కొమ్ము అక్కడే ఉంది. దాన్ని ముట్టుకునే హక్కు మా ఇద్దరికీ లేదు. తలుపు దాకా నడిచాం. వాల్డి మా వెంట వచ్చి శ్రావ్య బూటు మీద కూర్చుంది, ఇక కదలనన్నట్టు. మా పిల్ల వంగి దాని చెవులు నిమురుతూ తల ఎత్తలేదు. ఏడుస్తోందని నాకు తెలుసు.

వెనక నుంచి గిన్నె కింద పెట్టిన చప్పుడు వినిపించింది. ఓటర్‌బాఖ్ గారు ఇటు తిరిగి, నాకు కూడా అర్థం కావాలని కాబోలు, ఒక్కో మాటా ఆపి ఆపి అన్నారు.

"మంగళవారం నేనే పట్టుకొస్తాను. మీ అమ్మగారు కూడా రావచ్చు. చేతులు కోటు జేబుల్లో పెట్టుకుని."